బూటు కాని కంప్యూటరూ, బడిలో లేని డిస్కూ



సంధులో, సమాసాలో, పాఠ్యపుస్తకంలోని లోపాలో చర్చించుకోవలసిన చోట కంప్యూటరు మరమ్మతు గురించి రాయడమేమిటని కొందరు ఆశ్చర్యపోవచ్చు. నా దృష్టిలో ఇది తెలుగు పాఠానికి సంబంధించిన విషయమే. నేను చూసినంతలో, మన బడులలో ఉపాధ్యాయులు తమ చేతులతో తయారు చేసుకున్న తెలుగు సామగ్రి చెదలు తిని పోలేదు, వానకు తడిసి పోలేదు. కంప్యూటరు మొరాయించిన రోజున ‘ఫార్మాట్ చేస్తే సరి’ అన్న ఒక్క మాటతో పోయింది. ఆ మాటను బడి గడప దాటి లోపలికి రానివ్వకూడదన్నది నా వాదం. రానివ్వకుండా ఉండాలంటే బడి బీరువాలో ఒక మరమ్మతు డిస్కు ఉండాలి. దానిని వాడడం బడిలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు తెలుగు ఉపాధ్యాయులై ఉండాలి.

ఎందుకంటే మన పరిస్థితి వేరు. మేముండే సాస్తి, చంద్రపూర్ జిల్లా రాజూరా తాలూకాలోనిది. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో గీత జరిగింది. గీతకు ఇవతల మిగిలిన తెలుగు ఇళ్ళూ, బొగ్గు గనులలో పని కోసం తరువాత వచ్చి చేరిన తెలుగు కుటుంబాలూ కలిసి ఇక్కడి తెలుగును నిలబెట్టుకుంటూ వచ్చాయి. అదే 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని చెప్పింది. పుణేలోని బాలభారతి తెలుగులో కూడా పాఠ్యపుస్తకాలు అచ్చు వేస్తున్నది. అంతవరకు సంతోషం. పాఠ్యపుస్తకం తరువాత ఏమున్నది? ఇంగ్లీషు మాధ్యమం వారికీ, మరాఠీ మాధ్యమం వారికీ బజారునిండా గైడులు, ప్రశ్నల నిధులు, పటాలు. మనకు మన ఉపాధ్యాయులు రాత్రిళ్ళు కూర్చుని టైపు చేసుకున్నదే గైడు, వారు కూర్చిన ప్రశ్నపత్రమే ప్రశ్నల నిధి. మరాఠీ గణిత పదానికి ఏ తెలుగు పదం వాడాలో నాలుగు బడుల వారు కలిసి కుదుర్చుకున్న జాబితాయే నిఘంటువు. ఇవన్నీ ఎక్కడున్నాయి? బడి ఆఫీసు గదిలో, బొగ్గు ధూళి పేరుకున్న ఒక పెట్టెలో.

ఆ పెట్టె మొరాయించిన రోజున జరిగే తంతు మీ అందరికీ తెలిసినదే. ప్రార్థన అయ్యాక గుమాస్తా మీట నొక్కుతాడు. ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. దాని మీద ‘బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అనో, మరీ పాత యంత్రమైతే ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అనో ఒక తెల్లని వాక్యం. దుకాణానికి ఫోను వెళ్తుంది. సాయంత్రానికి ఒక కుర్రవాడు వస్తాడు, తెరను ఒక్కసారి చూస్తాడు, ‘ఫార్మాట్ కరావే లాగేల్ సర్’ అంటాడు. ‘ఎంత తీసుకుంటావు?’ అని మనవాళ్ళు అడుగుతారు. అంతటితో విచారణ ముగిసినట్లే!

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతనిది యంత్రానికి ఇంత అన్న కూలి. మరమ్మతుకు ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేడు, ఫార్మాటుకు ఎంతసేపు పడుతుందో చెప్పగలడు. పైగా అతనికి తెలుగు రాదు. ‘ముఖ్యమైనవి పక్కన పెట్టు బాబూ’ అన్నా మన ఫైళ్ళలో ఏది ఎనిమిదవ తరగతి వార్షిక పరీక్షో, ఏది ఎవరో పంపిన పండుగ శుభాకాంక్షో అతనికి ఎలా తెలుస్తుంది? కోపమంతా అతనికి తల ఊపిన మన మీద. ఇక్కడి తండ్రులలో గనిలో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. వారినే అడుగుతున్నాను: డంపరు స్టార్టు కాకపోతే బ్యాటరీ చూస్తారా, వైరు చూస్తారా, లేక అందులోని బొగ్గును వార్ధా నదిలో పారబోసి కొత్త ఇంజను బిగిస్తారా?

అసలు బూటు కాకపోవడమంటే ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రాము మేలుకొంటుంది. అది విండోసు ఏ డిస్కులో ఉన్నదో వెతికి, డిస్కు మొదట్లో రాసి ఉన్న కొద్దిపాటి సూచనను చదువుతుంది. ఆ సూచన మరో ప్రోగ్రామును లేపుతుంది, అది విండోసును లేపుతుంది. గొలుసుకట్టు పని. ఇందులో ఏ కొండి తెగినా తెర నల్లబడుతుంది. పాత పద్ధతి యంత్రాలలో ఆ మొదటి కొండి మొత్తం 512 బైట్లు. యూనికోడులో తెలుగు గుర్తు ఒక్కొక్కటి సాధారణంగా మూడు బైట్లుగా నిలవ ఉంటుంది గనుక, లెక్క వేస్తే గుణింతాలూ ఒత్తులూ కలిపి ఇంచుమించు ఒక ఉత్పలమాల పద్యమంత. అంత చిన్న ముక్క చెడితే పదేళ్ళ ప్రశ్నపత్రాలను తుడిచివేయడానికి ఒప్పుకుంటున్నాము! గ్రంథాలయంలో పుస్తకాల జాబితా చిరిగిపోయినంత మాత్రాన పుస్తకాలు తగలబడినట్లు కాదు కదా. జాబితా మళ్ళీ రాసుకోవచ్చు. మరమ్మతు డిస్కు చేసే పని అదే.

కొన్నిసార్లు ఆ డిస్కు అవసరం కూడా రాదు. యంత్రానికి ఎవరో పెన్‌డ్రైవు గుచ్చి మరచిపోయి ఉంటారు. యంత్రం దానిలో విండోసును వెతికి, లేదని మొరపెడుతుంది. తీసి మళ్ళీ మీట నొక్కితే చాలు. విదర్భలో ఎండల తీవ్రత వల్ల బడులు జూన్ చివరకు గాని తెరుచుకోవు. అన్ని వారాలు కరెంటు లేకుండా పడి ఉన్న పాత యంత్రంలో మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అడుగంటిపోతుంది. దానితో తేదీ ఎప్పటిదో అయిపోతుంది, ఏ డిస్కును మొదట చూడాలన్న అమరికా చెరిగిపోతుంది. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032, చిన్న దుకాణంలో కూడా దొరుకుతుంది. ఇక మా సాస్తి ధూళి సంగతి. తెర మీద ఏమీ రాక, లోపలి నుండి బీప్ బీప్ అని అరుపు వినిపిస్తే ర్యామ్ పట్టీ కొసలకు మట్టి పట్టిందేమో చూడాలి. ప్లగ్గు పీకి, పట్టీని బయటికి తీసి, కొసలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టాలి. బడిలో రబ్బరుకు కొరత లేదనుకుంటాను.

ఇక నష్టం సంగతికి వస్తాను. విండోసు ఉన్న ‘సి’ భాగాన్ని మాత్రమే ఫార్మాట్ చేస్తానని, ‘డి’ భాగం పదిలమని దుకాణం వారు ధైర్యం చెబుతారు. డెస్క్‌టాప్ మీద పెట్టినవీ, ‘డాక్యుమెంట్స్’ సంచిలో పెట్టినవీ ‘సి’లోనే ఉంటాయని చెప్పరు. మన ఉపాధ్యాయులు ఫైలును ఎక్కడ దాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కళ్ళకు ఎదురుగా, డెస్క్‌టాప్ మీద.

‘డి’లో ఉన్నవి మిగిలినా అవి చదవడానికి వస్తాయా? యూనికోడు మన బడులకు అలవాటు కాకముందు మనం టైపు చేసినదంతా అను ఖతులలోనో, శ్రీలిపిలోనో, పేజ్‌మేకరులో కూర్చినది. ఆ ఫైళ్ళలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. రోమన్ గుర్తుల స్థానాలలో తెలుగు బొమ్మలు కూర్చిన పద్ధతి అది. ఖతి ఉన్నంతసేపు అది తెలుగు. విండోసు కొత్తగా వేసిన తరువాత ఖతి ఉండదు, కీబోర్డు ప్రోగ్రామూ ఉండదు. ఫైలు తెరిస్తే రోమన్ అక్షరాలూ, వాటి నెత్తిన చుక్కలూ, డాలరు గుర్తులూ. నాకు తెలిసిన ఒక బడిలో ఇదే జరిగింది. మరమ్మతుకు వచ్చినవారు ‘డి’ని ముట్టుకోలేదు, మాట నిలబెట్టుకున్నారు. కానీ కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయులు ఆ ఫైళ్ళను తెరిచి, ‘ఇదంతా వైరసు పట్టిన చెత్త’ అని స్వయంగా తుడిచివేశారు. అందులో ఏడేళ్ళ తెలుగు అభ్యాసపత్రాలు ఉండేవి. మరాఠీ బడికి ఇటువంటి నష్టం జరిగితే పక్క బడి నుండి నకలు తెచ్చుకుంటారు. మన పక్క బడి ఎంత దూరం?

డిస్కుకూ తెలుగుకూ ఉన్న బంధం ఇప్పటిది కాదు. విండోసు ఎక్స్‌పీ 2001లో వచ్చినప్పుడు గౌతమి అనే తెలుగు ఖతిని వెంట తెచ్చింది. ఐతే తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ అమరికల లోపలికి వెళ్ళి, సంక్లిష్ట లిపుల సదుపాయానికి ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టవలసి వచ్చేది. టిక్కు పెట్టగానే అది విండోసు సీడీ పెట్టమనేది. సీడీ లేనివారి తెరమీద ఒత్తులు విడిపోయి, తెలుగుకు బదులు డబ్బాలు కనిపించేవి. ఆ రోజులలో తెలుగు టైపు చేయడానికి తంటాలు పడిన వారందరికీ ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. మరాఠీ, హిందీలకూ ఇదే బాధ. అనగా డిస్కు ఇవ్వని అమ్మకందారు, తెలియకుండానే, మన లిపిని కూడా ఇవ్వలేదు. నేను అతిగా మాట్లాడుతున్నానని మీకు అనిపిస్తే, ఆ డబ్బాలను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

మరి ఆ డిస్కులు ఎటు పోయాయి? ఒకప్పుడు కంప్యూటరు కొంటే అట్టపెట్టెలో విండోసు సీడీ, డ్రైవర్ల సీడీ ఉండేవి. తరువాత తయారీదారులు ఒక ఉపాయం కనిపెట్టారు. డిస్కు ఇవ్వడం మానివేసి, హార్డ్‌డిస్కులోనే కంటికి కనిపించని ఒక గదిని కట్టి, మరమ్మతు సరంజామా అందులో పెట్టారు. వారికి కొంత ఖర్చు మిగిలింది. మనకు మాత్రం ఇది ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్న చందం. హార్డ్‌డిస్కు చెడితే దానితోపాటే మరమ్మతు గదీ చెడుతుంది. అది చెడకపోయినా, అందులో తయారీదారు పెట్టిన ఉపాయం చాలా యంత్రాలలో ఒక్కటే: యంత్రాన్ని కొన్ననాటి స్థితికి తీసుకుపోవడం. ఫార్మాటుకు అది మర్యాదైన పేరు.

దీనికి మందు విండోసులోనే ఉన్నది. ఎవరూ చెప్పలేదు గనుక మనం వాడలేదు, అంతే. 2009లో వచ్చిన విండోసు 7లో, కంట్రోల్ ప్యానెల్‌లోని ‘బ్యాకప్ అండ్ రిస్టోర్’ పేజీలో ఎడమవైపున ‘క్రియేట్ ఎ సిస్టమ్ రిపేర్ డిస్క్’ అన్న వరుస ఉంటుంది. ఖాళీ డిస్కు ఒకటి పెట్టి ఆ వరుస మీద నొక్కితే కొద్ది నిమిషాలలో మరమ్మతు డిస్కు చేతికి వస్తుంది. విండోసు 8 నుండి ఇదే పనిని పెన్‌డ్రైవుతో చేయవచ్చు. ‘క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్’ అని వెతికితే దొరుకుతుంది. 16 జీబీ పెన్‌డ్రైవు కేటాయించండి. అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది గనుక పిల్లల ఫొటోలున్న పెన్‌డ్రైవును దీనికి బలి పెట్టకండి. ఇవి చేసుకోవలసింది యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడు. జబ్బు పడ్డాక చేసుకోవాలంటే మరో యంత్రం కావాలి. అప్పుడు మైక్రోసాఫ్టు వారి సొంత జాలస్థలి నుండి ‘మీడియా క్రియేషన్ టూల్’ దించుకొని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవు మీద స్థాపన సామగ్రి తయారు చేసుకోవాలి. దానికి డబ్బు అడగరు. ‘మీ కంప్యూటరును ఉచితంగా బాగు చేస్తాం’ అని ప్రకటనలు గుప్పించే తతిమ్మా స్థలాల జోలికి పోవద్దు. దుకాణాలలో చేతులు మారే రకరకాల బూటు సీడీలనూ గుడ్డిగా నమ్మవద్దు. పేరుపడ్డ హైరెన్స్ బూట్ సీడీ పాత సంచికలలో లైసెన్సు లేకుండా చేర్చిన ప్రోగ్రాములు ఉండేవి. బడిలో దొంగసరుకు పెట్టుకుని పిల్లలకు నీతిపద్యాలు చెప్పడం నాకు సమ్మతం కాదు.

వాడే తీరు కూడా చెబుతాను, తెరమీది మాటలు ఆంగ్లంలో ఉంటాయన్న ఒక్క కారణంతో చాలామంది వెనుకాడుతున్నారు గనుక. పెన్‌డ్రైవు గుచ్చి మీట నొక్కిన వెంటనే, కంపెనీని బట్టి ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఎస్కేప్ గాని పదేపదే నొక్కితే దేనినుండి మొదలుపెట్టాలో అడిగే పట్టీ వస్తుంది. అందులో పెన్‌డ్రైవును ఎంచుకోవాలి. డిస్కైతే ‘ప్రెస్ ఎనీ కీ’ అన్న వరుస కొన్ని క్షణాలే ఉంటుంది, ఆలోపు ఏదో ఒక మీట నొక్కాలి. స్థాపన సామగ్రితో మొదలుపెట్టినవారికి తెర మధ్యలో ‘ఇన్‌స్టాల్ నౌ’ అని పెద్ద బొత్తం కనిపిస్తుంది. దానిని ముట్టుకోకండి. విండోసు 10 సామగ్రిలో ఎడమ మూల కింద చిన్న అక్షరాలలో ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ అని ఉంటుంది, మనకు కావలసింది అది. పెద్ద అక్షరాలలో విధ్వంసం, చిన్న అక్షరాలలో మరమ్మతు! అక్కడినుండి ‘ట్రబుల్‌షూట్’, తరువాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందులో ‘స్టార్టప్ రిపేర్’. ఇది తెగిన కొండిని వెతికి అతికించడానికి ప్రయత్నిస్తుంది. ఒకసారి ఫలించకపోతే రెండు మూడు సార్లు చేయించాలి. అదే చోట ఉండే ‘సిస్టమ్ రిస్టోర్’ విండోసు అమరికలను వెనుకటి ఒక తేదీ నాటి స్థితికి తీసుకుపోతుంది, మన ఫైళ్ళను ముట్టుకోదు. మొన్న వేసిన అప్‌డేటుతోనే చెడిందని అనుమానముంటే విండోసు 10, 11లలో ఆ అప్‌డేటును తీసివేసే వరుస కూడా ఉన్నది.

మరమ్మతు పట్టు వదలకపోతే ముందు ఫైళ్ళను బయటికి తెచ్చుకోవాలి. దీనికి ఒక చిట్కా. అదే పట్టీలోని ‘కమాండ్ ప్రాంప్ట్’ తెరిచి, ఆంగ్లంలో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచే కిటికీలోకి వెళ్ళి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే డిస్కులోని సంచులన్నీ కనిపిస్తాయి. కుడి మీట నొక్కి నకలు తీసి మరో పెన్‌డ్రైవులో అతికించవచ్చు. ఇక్కడ ‘సి’ కాస్తా ‘డి’గానో, ‘ఇ’గానో కనిపించవచ్చు, కంగారు పడవద్దు. ఖతులు ఉండే ‘ఫాంట్స్’ సంచిని కూడా తప్పకుండా నకలు తీసుకోండి. దుకాణం వారికి తట్టదు, తెలుగు ఉపాధ్యాయునికి తట్టాలి. ఇది కష్టమనిపిస్తే పెన్‌డ్రైవు నుండి నేరుగా నడిచే లినక్సు ఒకటి దగ్గర ఉంచుకోండి. 2005 నుండి 2011 వరకు ఉబుంటు సీడీలను అడిగినవారికి పైసా తీసుకోకుండా టపాలో పంపేవారు. ఇప్పుడు దించుకోవలసి వస్తున్నది, ఉచితమే. ‘ట్రై’ అన్నదానిని ఎంచుకుంటే హార్డ్‌డిస్కులో ఏమీ రాయకుండా పనిచేస్తుంది.

డిస్కు సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. హార్డ్‌డిస్కు లోపలినుండి టకటకమని చప్పుడు వస్తుంటే అది యంత్రభాగాల జబ్బు. అప్పుడు ఏ మరమ్మతూ చేయించకూడదు, పదేపదే మీట నొక్కకూడదు. ఆపివేసి, డేటా తీయగల వారి వద్దకు పంపాలి.

ఈ మధ్య వచ్చిన మరో చిక్కు నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది. కొత్త విండోసు 11 యంత్రాలలో, మైక్రోసాఫ్టు ఖాతాతో లోపలికి వెళ్ళిన వారి డిస్కు చాలాసార్లు తనంతట తానే సంకేతబద్ధమవుతున్నది. మంచిదే, దొంగ చేతిలో పడినా చదవలేడు. కానీ మరమ్మతు సమయంలో అది 48 అంకెల తాళంచెవిని అడుగుతుంది. ఆ అంకెలు మొదట ఎవరి ఖాతాతో యంత్రాన్ని తెరిచారో వారి ఖాతాలో ఉంటాయి. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయి ఉంటే? పదవీ విరమణ చేసి ఉంటే? ఎవరో కుర్రవాడి ఖాతాతోనే దుకాణంలో తెరిచి ఇచ్చి ఉంటే? ఇవాళే ఆ అంకెలను కాగితం మీద రాయించి, హాజరు పట్టీలతో పాటు బీరువాలో పెట్టించండి. కాగితం మీద. హాస్యానికి అనడం లేదు.

2024 జూలై 19న ఏమి జరిగిందో చదివే ఉంటారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక చెడ్డ ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోసు యంత్రాలు బూటు కాకుండా నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులు ఆగాయి. శంషాబాదు విమానాశ్రయంలో చేతితో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ యంత్రాలను బాగు చేసిన పద్ధతి ఏమిటి? ఒక్కొక్క యంత్రం దగ్గరికి మనిషి వెళ్ళి, మరమ్మతు తెర తెరిచి, ఆ ఒక్క ఫైలును తీసివేశాడు. మైక్రోసాఫ్టు కూడా ఆ పనికి పెన్‌డ్రైవు మీద పెట్టుకొనే మరమ్మతు సాధనాన్నే విడుదల చేసింది. సంకేతబద్ధమైన యంత్రాల వద్ద ఆ 48 అంకెల కోసం వెతుకులాట జరిగింది. ‘ఫార్మాట్ కరావే లాగేల్’ అని వారెవరూ అనలేదు. డబ్బున్న విమాన సంస్థకు లేని తొందర మన బడికి ఎందుకు?

‘మేము పాఠం చెప్పేవాళ్ళం, ఇది మా పని కాదు’ అని మీలో కొందరు అంటారు. కేరళను చూడండి. అక్కడ 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ పథకం, ఆ దశాబ్దం రెండవ సగంలో బడులను స్వేచ్ఛా సాఫ్టువేరు వైపు మళ్ళించింది. బడుల కోసమే లినక్సు కూర్పును తయారు చేసుకున్నారు, మలయాళంలో పనిచేసే వీలు కల్పించుకున్నారు. బడిలోని ఒక ఉపాధ్యాయుడినే ఐటీ సమన్వయకర్తగా పెట్టి, వ్యవస్థను వేయడం, చెడితే మళ్ళీ నిలబెట్టడం నేర్పించారు. ఆయన కూడా పాఠం చెప్పే మాస్టరే. వేసే డిస్కు ఆయన చేతిలోనే ఉన్నది గనుక దుకాణం దయ కోసం ఎదురుచూడవలసిన పని లేకపోయింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వారు తెలుగులో లినక్సును తెచ్చారు. దానిని మన బడులలో ఎందరు చూశారు? మనకు డిస్కు లేక కాదు, అడిగినవాడు లేక.

‘ఇప్పుడు అన్నీ గూగుల్ డ్రైవులో ఉంటాయి కదండీ’ అన్నది మరో సమాధానం. ఉంచితే ఉంటాయి. ఉంచమనే నేనూ అంటాను, నకలు రెండు చోట్ల ఉండాలి. కానీ గూగుల్ డ్రైవులోకి ఎక్కించినవి సాధారణంగా ఈ నాలుగేళ్ళవి. అంతకు ముందరి పేజ్‌మేకరు ఫైళ్ళు, పాత ఖతులు, వార్షికోత్సవ సంచికల మూలప్రతులు ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఎక్కించాలన్నా ముందు అది తెరుచుకోవాలి.

ఇంకొకటి కూడా వినిపిస్తున్నది. విండోసు 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది గనుక పాత యంత్రాలను పారవేయవలసిందేనట. విండోసు 11 అడిగే టీపీఎం 2.0 వంటి హంగులు మన యంత్రాలలో చాలావాటికి లేని మాట నిజమే. మద్దతు ముగియడమంటే యంత్రం చావడం కాదు. దానిని అంతర్జాలానికి దూరంగా ఉంచి టైపుకూ ముద్రణకూ వాడుకోవచ్చు, లేదా లినక్సు వేసుకోవచ్చు. కాకపోతే ఇక దానిని నిలబెట్టుకొనే బాధ్యత పూర్తిగా మనదే. పాత పేజ్‌మేకరు ఫైళ్ళను తెరిచి చూపగల యంత్రం బడిలో అదొక్కటే కావచ్చు. తుక్కు కింద అమ్మే తీర్మానం మీద సంతకం పెట్టే ముందు అందులో ఏమున్నదో తెలుగు మాస్టరును అడిగారా అని పాలకవర్గాన్ని నిలదీయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కంప్యూటరు ఇప్పించండని బడి మీ వద్ద చందా అడిగినప్పుడు ఎన్ని జీబీలని మీరు అడుగుతున్నారు, తెర ఎన్ని అంగుళాలని అడుగుతున్నారు. ఈసారి నాలుగు విషయాలు అడిగి, బిల్లు మీద రాయించండి: విండోసు లైసెన్సు ఎవరి పేర ఉన్నది, మరమ్మతు పెన్‌డ్రైవు తయారు చేసి ఇస్తారా, సంకేతబద్ధం చేసి ఉంటే ఆ 48 అంకెలు ఎక్కడ ఉన్నాయి, తెలుగు ఖతులూ కీబోర్డూ వేసి ఇస్తారా. అమ్మేవాడు నసిగితే మరో దుకాణానికి వెళ్ళండి. రాజూరాలో కాకపోతే బల్లార్షాలో, అక్కడా కాకపోతే చంద్రపూర్‌లో ఒకరైనా ఒప్పుకుంటారు.

ఉపాధ్యాయులకు జూన్ నెలాఖరులో, పిల్లలు ఇంకా పూర్తిగా రాని ఆ మొదటి రెండు రోజులు దొరుకుతాయి. పెన్‌డ్రైవు ఒకటి కొని, ఉన్న యంత్రాలలో ఒక్కొక్కదానిని దానితో మొదలుపెట్టి చూడండి. మరమ్మతు తెర వచ్చిందా లేదా చూసి, ఏమీ నొక్కకుండా ఆపివేయండి, చాలు. అప్పుడే ఏ యంత్రానికి ఏ మీట నొక్కాలో తేలిపోతుంది. దానిని ఒక కవరులో పెట్టి, కవరు మీద తెలుగులో రాయండి: తయారు చేసిన తేదీ, ఏ యంత్రానిది, విండోసు ఎన్నవది, 32 బిట్లదా 64 బిట్లదా, నొక్కవలసిన మీట ఏది, ఎక్కడ నొక్కకూడదు. కింద, పెద్ద అక్షరాలలో, మరాఠీలో కూడా ఒక వరుస రాయండి. తెలుగు మాస్టరు వచ్చి చూసేదాకా ఫార్మాట్ చేయరాదని.